కూరగాయల చీజ్ ఫ్రిట్టర్లు తిప్పేటప్పుడు విడిపోతున్నాయి, ఏం చేయాలి?

తొలిపొద్దు:
ఈ ఫ్రిట్టర్లు (తురిమిన కూరగాయల పిండిని నూనెలో బిళ్ళల్లా వేయించేవి) మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అట్లకాడ పెట్టగానే ముక్కలైపోయాయి. రెండు జుకినీలు (కీరదోసలా కనిపించే కూరగాయ), ఒక క్యారెట్ తురిమి, 100 గ్రాముల తాజా మోజరెల్లా చీజ్, రెండు గుడ్లు, 5 చెంచాల మైదా కలుపుతున్నాను. మొదటి వాయికి గట్టిగానే ఉండే పిండి మూడో వాయికల్లా జారుగా అయిపోతోంది. మైదా పెంచితే నిలబడుతున్నాయి కానీ లోపల పచ్చిపిండి వాసన. మా పిల్లలు అడిగి మరీ తినే కూరగాయల వంటకం ఇదొక్కటే. ఎలాగైనా నేర్చుకోవాలి.

పొయ్యిపక్కన:
లోపం మైదాలో కాదు, నీటిలో ఉంది. జుకినీలో దాదాపు 95 శాతం నీరే. ఉప్పు తగిలిన క్షణం నుంచి అది ఊరుతూనే ఉంటుంది, అందుకే మీ పిండి వాయి వాయికీ పలచబడుతోంది. ఆ నీటిని ముందే తీసేయండి. తురుముకు అర చెంచా ఉప్పు పట్టించి 20 నిమిషాలు జల్లెడలో ఉంచి, పలుచని గుడ్డలో మూటకట్టి పిండండి. ఒకసారి నొక్కి వదిలేస్తే చాలదు, చుక్క రాలనంతవరకు మూటను మెలిపెట్టాలి. నాకు రెండు కాయలకు అర గ్లాసు నీరు వచ్చింది. ఆ తర్వాత మీరు వేసే మైదాలో సగం చాలు. ఉప్పు మాత్రం మళ్ళీ వేయకండి, చీజ్‌లో ఎలాగూ ఉంటుంది.

నీలిమబ్బు:
పైన చెప్పినదంతా నిజం. ఒక్కటి కలుపుతాను. బంగాళాదుంప తురుము కూడా వేసేవారు దాన్ని విడిగా పిండి, ఆ నీటిని పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున తెల్లటి ముద్ద పేరుకుంటుంది. పైనీరు వంచేసి ఆ ముద్దను పిండిలో కలిపితే పట్టు వస్తుంది, అంచులు కరకరలాడతాయి. దాన్ని పారబోయడం నాకు ప్రాణం ఒప్పదు.

ఉప్పుకారం:
తొలిపొద్దు గారూ, చీజ్ కూడా మార్చి చూడండి. తాజా మోజరెల్లాలోనే బోలెడు నీరుంటుంది. పైగా అది కరిగి కారి పెనానికి అతుక్కుంటుంది, తిప్పినప్పుడు చీలేది అక్కడే. హలూమి (గట్టిగా, ఉప్పగా ఉండే చీజ్), పనీర్ వేడికి మెత్తబడతాయి కానీ కారవు. ఫెటా కూడా పొడిగా నలిపి వేస్తే బాగుంటుంది, కాకపోతే ఉప్పన. సాగే చీజ్ కావాలనుకుంటే చిన్న ముక్కను మధ్యలో పెట్టి చుట్టూ పిండి పూర్తిగా కప్పాలి. అంచున బయటపడితే నూనెలోకి వచ్చేస్తుంది.

చిరుజల్లు:
మా ఇంట్లో గుడ్డు తినరు. దేనితో అతుకుతాయి?

పొయ్యిపక్కన:
మైదా బదులు శనగపిండి వాడండి. కొద్దిపాటి తడికే జిగురుగా పట్టుకుంటుంది. కలిపి పది నిమిషాలు నాననివ్వండి, సన్నమంట మీద కాస్త ఎక్కువసేపు కాల్చండి, లేకపోతే లోపల పచ్చిగా ఉంటుంది.

నీలిమబ్బు:
నూనె గురించి ఎవరూ రాయలేదు. నా అనుభవంలో సగం ఫ్రిట్టర్లు విడిపోయేది తొందరపాటు వల్లే. నూనె 175 నుంచి 180 డిగ్రీలు ఉండాలి. కొలిచే సాధనం లేకపోతే చెక్కగరిటె కాడ ముంచండి, చుట్టూ బుడగలు చురుగ్గా లేస్తే సరిపోయినట్లే. సెంటీమీటరు మందాన పరిచి, మూడు నిమిషాలు అసలు ముట్టుకోవద్దు. అడుగు ఎర్రబడ్డాక అదే పెనాన్ని వదులుతుంది. ఒకేసారి నాలుగుకు మించి వేస్తే నూనె చల్లబడి, ఫ్రిట్టర్లు దాన్ని పీల్చేసుకుంటాయి. తీశాక కాగితం మీద పేర్చకుండా జాలీ మీద పెట్టండి, ఆవిరి పట్టి మెత్తబడకుండా ఉంటాయి.

తొలిపొద్దు:
ఈ సాయంత్రం కూరగాయల తురుమును గుడ్డలో గట్టిగా పిండేసి, హలూమి తురిమి, మూడు చెంచాల మైదాతో చేశాను. ఒక్కటీ విరగలేదు! చివరి వాయి కూడా మొదటి వాయిలాగే వచ్చింది. ఉప్పు మాత్రం కాస్త ఎక్కువైంది. హలూమి వేసేటప్పుడు తురుముకు పట్టించిన ఉప్పును ఒకసారి కడిగి పిండవచ్చా?

ఉప్పుకారం:
కడగవచ్చు. కడిగాక మాత్రం మళ్ళీ అంతే గట్టిగా పిండాలి.