తోకకప్పల తొట్టిలో తెల్ల పురుగులు: మందు వేయొచ్చా?

శ్రీలత_టీచర్:
మా స్కూల్లో పిల్లలకు చూపిద్దామని వాన గుంటలోంచి కొన్ని తోకకప్పలు తెచ్చి గాజు తొట్టిలో వేశాం. ఉడికించిన పాలకూర పెడుతున్నాం. మొన్నటిదాకా బాగానే ఉంది. ఇప్పుడు అడుగున దారపు పోగుల్లాంటి తెల్ల పురుగులు కనిపిస్తున్నాయి, పొద్దున్నే చూస్తే అద్దం మీద కూడా ఉంటున్నాయి. "మేడం, ఇవి కప్పల కడుపులోంచి వచ్చాయా?" అని పిల్లలు ఒకటే గొడవ. చేపల షాపులో ఒక మందు ఇచ్చారు. వేయొచ్చా?

తొట్టి_రమణ:
మేడం, ఆ సీసా మూత తీయకండి. చేపల మందులు కొన్నింటిలో రాగి ఉంటుంది. తోకకప్పల చర్మం పల్చన, నీళ్లలో ఏది కలిపినా ఒంట్లోకి పోతుంది. ఉప్పు కూడా వద్దు.
అవి కడుపులోంచి రాలేదు. గుంట మట్టితోనో నాచుతోనో వచ్చి ఉంటాయి. మెలికలు తిరుగుతూ కదులుతుంటే వానపాము చుట్టాలే, కుళ్లిన తిండి తిని బతుకుతాయి. తోకకప్పల జోలికి రావు. కానీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఇవి మట్టి వదిలి పైకి ఎక్కుతుంటాయి. అందుకే నాకు పురుగుల కంటే నీళ్ల మీదే అనుమానం. పాలకూర ఎంత వేస్తున్నారు?

ఓరుగల్లు_పోరడు:
ఇంత టెన్షన్ ఎందుకన్నా, రెండు గప్పీలు వేస్తే పురుగులన్నీ సాఫ్.

తొట్టి_రమణ:
తమ్ముడూ, చేపలు పురుగులతో ఆగవు, తోకలు కూడా కొరుకుతాయి. దోమల కోసం చెరువుల్లో వదిలే గంబూసియా అయితే కప్ప గుడ్లనీ పిల్లల్నీ తినేస్తుంది.

పద్మజ_జువాలజీ:
శ్రీలత గారూ, ముందు భూతద్దంతో చూడండి. ఒళ్లు బల్లపరుపుగా, తల త్రికోణంలా ఉండి, అద్దం మీద జారుతున్నట్టు పోతుంటే అది ప్లనేరియా. దాన్ని గోకి ముక్కలు చేయొద్దు, ముక్క ముక్కా మళ్లీ పురుగవుతుంది. చిన్న సీసాలో మాంసం ముక్క వేసి రాత్రి తొట్టిలో పడుకోబెడితే అందులో చేరతాయి, పొద్దున్నే తీసేయొచ్చు. ఎర్రగా ఉంటే కుట్టని ఒక రకం దోమ పిల్లలు, భయం లేదు. నీటి పైన తలకిందులుగా వేలాడుతుంటే మాత్రం మామూలు దోమలవి. తొట్టి మీద దోమతెర గుడ్డ కట్టండి.

శ్రీలత_టీచర్:
చూశాం మేడం. మెలికలు తిరిగేవే. పాలకూర గుప్పెడు వేస్తున్నాం, పిల్లలు పోటీపడి వేస్తారు. నాచు కింద ఇంకొకటి నక్కి ఉంది, గోధుమ రంగు, ఆరు కాళ్లు, పెద్ద కళ్లు.

పద్మజ_జువాలజీ:
దాన్ని వెంటనే చెంచాతో తీసేయండి! తూనీగ పిల్ల. కింది పెదవిని ముందుకు విసిరి తోకకప్పల్ని పట్టుకుంటుంది. మీ తొట్టిలో అసలు శత్రువు అదే.

తొట్టి_రమణ:
గుప్పెడు చాలా ఎక్కువ. రూపాయి బిళ్లంత ఆకు వేసి, మిగిలింది సాయంత్రానికి తీసేయండి. సన్నటి పైపు నిండా నీళ్లు నింపి, ఒక చివర తొట్టి అడుగున, రెండో చివర కింద బకెట్లో పెడితే చెత్తతో పాటు పురుగులూ వచ్చేస్తాయి. తొట్టిలో ఉండే మూతికి పల్చటి గుడ్డ కడితే చెత్త రాదు, కట్టకపోతే తోకకప్పలు కూడా వచ్చేస్తాయి. కట్టకుండా నెమ్మదిగా లాగి, బకెట్లో చూసి తిరిగి వేయడమే నయం. నీళ్లన్నీ ఒకేసారి మార్చొద్దు, నాలుగో వంతు చాలు. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లయితే ఒక రోజు మూత లేని బకెట్లో ఉంచి పోయండి. పురుగులు పూర్తిగా పోవు, తిండి తగ్గితే అవే తగ్గుతాయి.

గుంటూరు_సుబ్బారావు:
ఒక మాట. తోకకప్పలకు ముందరి కాళ్లు వచ్చాక రాయో, చెక్క ముక్కో నీటి పైకి వచ్చేలా పెట్టండి. లేకపోతే మునిగి చచ్చిపోతాయి. అప్పుడు కొన్నాళ్లు తిండి కూడా తినవు, తోకే కరిగి ఆహారమవుతుంది. వదిలేటప్పుడు తెచ్చిన గుంట దగ్గరే వదలండి.

శ్రీలత_టీచర్:
అందరికీ థాంక్స్. పాలకూర డ్యూటీ ఒక్కరికే ఇచ్చాను. తూనీగ పిల్లను పారేయనివ్వట్లేదు, వేరే సీసాలో పెంచుతారట. దానికేం పెట్టాలి?

పద్మజ_జువాలజీ:
దోమ పిల్లల్ని వేయండి, ఇష్టంగా తింటుంది. సీసాలో ఒక పుల్ల నిలబెట్టండి, తూనీగ కావాలంటే అది నీళ్లలోంచి పైకి ఎక్కాలి.