ఒక్క ఐఎస్‌పీలోనే రాత్రిపూట మా యాప్ నత్తనడక: ఇది నెట్ న్యూట్రాలిటీ కేసేనా?

మడివాళ_కోడ్:
బెంగళూరులో చిన్న కంపెనీ, లైవ్ ట్యూషన్ యాప్. సర్వర్ ముంబైలో ఉంది. ఒక్క ఐఎస్‌పీ (ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ) వాడేవాళ్లకే రాత్రి 8 నుంచి 11 దాకా వీడియో ముక్కలుముక్కలుగా వస్తోంది. అదే కనెక్షన్‌లో యూట్యూబ్ మాత్రం సాఫీగా ఆడుతోంది. మమ్మల్ని కావాలనే తొక్కుతున్నారా? అన్ని సైట్లనీ ఒకేలా చూడాలన్న నెట్ న్యూట్రాలిటీకి ఇది విరుద్ధమా? ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

ప్యాకెట్_పురాణం:
యూట్యూబ్ ఆడటం రుజువు కాదండీ. దాని క్యాష్ సర్వర్లు (వీడియో కాపీలు దాచేవి) చాలా ఐఎస్‌పీల లోపలే ఉంటాయి. మీ ప్యాకెట్ ముంబై దాకా పోయి రావాలి.

ముందు ఉదయం 6కి, రాత్రి 9కి ఎంటీఆర్ (ప్యాకెట్లు ఏ దారిన పోతున్నాయో చూపే టూల్) నడపండి, 200 ప్యాకెట్లతో. బెంగళూరు–ముంబై పోయిరావడానికి 20–30 మిల్లీసెకన్లు మామూలే. రాత్రి అది 80 దాటి, దారిలో సింగపూర్ కనిపిస్తే రూటింగ్ తేడా. నడుమ ఏదో ఒక హాప్‌లో (దారిలోని రూటర్‌లో) ప్యాకెట్ లాస్ చూసి కంగారు పడొద్దు. చాలా రూటర్లు పింగ్‌కి సరిగా జవాబివ్వవు. ఆ లాస్ చివరి హాప్ దాకా సాగితేనే లెక్క.

అసలు పరీక్ష ఇది: అదే సర్వర్లో అదే 50 ఎంబీ ఫైలుకి రెండు డొమైన్లు పెట్టండి, ఒకటి మీ యాప్‌ది, ఇంకొకటి కొత్తది. రద్దీ వేళలో మార్చి మార్చి ఐదేసి సార్లు దించండి. రెండూ మెల్లగా వస్తే లింకు కిక్కిరిసింది. మీ పేరుతో వచ్చేదే మెల్లగా ఉంటే, ఎస్ఎన్ఐలో (కనెక్షన్ మొదట్లో సైట్ పేరు చెప్పే భాగం) పేరు చూసి బిగిస్తున్నారన్న అనుమానానికి బలం ఉంది. లైవ్ వీడియో మామూలుగా యూడీపీ పద్ధతిలో పోతుంది కాబట్టి టర్న్ సర్వర్‌ని (వీడియోని మధ్యలో అందించేది) వెబ్‌సైట్లు వాడే టీసీపీ 443 మీద పెట్టి కూడా చూడండి. వీపీఎన్‌లో బాగుందని మాత్రం తీర్పు చెప్పేయకండి, అది దారినే మార్చేస్తుంది.

అడయార్_రూట్:
రూల్స్ సంగతి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) తెచ్చింది ధరల గురించి మాత్రమే: ఫలానా యాప్ డేటా ఫ్రీ, మిగతాది డబ్బుకి అనకూడదు. తప్పితే రోజుకు 50,000, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా. ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ ఆగింది దీనివల్లే. వేగం తగ్గించడం, బ్లాక్ చేయడం మీద నిషేధం 2018లో లైసెన్సు షరతుల్లోకి వచ్చింది. పీరింగ్ లింకు (రెండు నెట్‌వర్క్‌లు నేరుగా కలిసే చోటు) కిక్కిరిసిందన్న ఫిర్యాదు ఆ షరతుల కింద తేలిగ్గా నిలబడదు.

ట్రాయ్ విడి ఫిర్యాదులు తీసుకోదు. ముందు ఐఎస్‌పీ దగ్గర ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్, తర్వాత వాళ్ల అప్పిలేట్ అథారిటీ, అప్పటికీ తేలకపోతే డాట్ (టెలికాం శాఖ) పీజీ ఫిర్యాదుల పోర్టల్. కస్టమరే పెట్టాలి, మీ కొలతలు జతచేసి.

కోడ్_కాఫీ:
సీడీఎన్‌లను (యూజర్లకు దగ్గర్లో కాపీలు పెట్టే సర్వర్ నెట్‌వర్క్‌లు) ఆ రూల్స్ నుంచి తప్పించారుగా. డబ్బున్నోడికి దొడ్డిదారి కాదా అది?

ప్యాకెట్_పురాణం:
సగం నిజమే. కానీ సీడీఎన్ జీబీ లెక్కన ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు, ఐఎస్‌పీ గుమ్మం దగ్గర నిలబడి బేరమాడే పని లేదు. టెలికాం కంపెనీలు అడుగుతున్న ‘ఫెయిర్ షేర్’ (పెద్ద యాప్‌లు నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలన్నది) వస్తే ఆ బేరం తప్పదు. కొరియాలో నెట్‌వర్క్ ఫీజులు మిగతా చాలా దేశాలకంటే పది రెట్లు ఎక్కువని చెప్పి లైవ్ వీడియో సైట్ ట్విచ్ 2024 ఫిబ్రవరిలో అక్కడి నుంచి తట్టాబుట్టా సర్దుకుంది. అంతటి కంపెనీయే!

మడివాళ గారూ, రద్దీయే అని తేలితే: రికార్డు క్లాసులు సీడీఎన్‌కి తోసేయండి. లైవ్ మీడియా సర్వర్ మాత్రం ఆ ఐఎస్‌పీతో నేరుగా పీరింగ్ ఉన్న బెంగళూరు లేదా చెన్నై డేటాసెంటర్లో పెట్టండి. పీరింగ్ ఉందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి, సేల్స్ వాళ్లు అన్నిటికీ ఉందనే అంటారు.