టెక్సాస్ బావిలో వాటా అంటున్నాడు మా బావమరిది, పెట్టొచ్చా?

రాయగడ_కిరాణా:
అందరికీ నమస్కారం. రాయగడలో చిన్న కిరాణా కొట్టు మాది. 2025 సెప్టెంబరులో అండమాన్‌లో గ్యాస్ పడిందని విన్నప్పటి నుంచి ఈ చమురు షేర్ల పిచ్చి పట్టుకుంది, ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా కొద్దికొద్దిగా కొన్నాను. ఇప్పుడు మా బావమరిది కొత్తది పట్టుకొచ్చాడు. టెక్సాస్‌లో భూమి కింది చమురు మీద హక్కు అమ్ముతారట, 3 లక్షలు పెడితే నెలనెలా రాయల్టీ అట. వాట్సాప్‌లో బావి ఫొటో, మ్యాపు, మ్యాపు మీద ఎర్ర పెన్నుతో గీసిన గుండ్రం పంపాడు. భూమి ఒకడిది, కింద సరుకు ఇంకొకడిది, అదెలా? అలాగైతే గుణుపురం దగ్గర మా తాతగారి 2 ఎకరాల కింద ఏదైనా పడితే మాదేనా?

గుణుపురం_మాస్టారు:
బాబూ, మీ 2 ఎకరాల కింద చమురు పడినా మీకు దక్కదు. 1948 నాటి చట్టం ప్రకారం లీజు ప్రభుత్వం ఇస్తుంది, రాయల్టీ కూడా దానికే. పైనున్న నేలకు మీకు పరిహారం వస్తుంది, అంతే. అమెరికాలో పద్ధతి వేరు. నేల అమ్మేసి కింది హక్కు మాత్రం అట్టే పెట్టుకోవచ్చు, దాన్ని ముక్కలు చేసి పిల్లలకు పంచొచ్చు. తవ్వే కంపెనీ లీజుకు తీసుకుని అమ్మకంలో వాటా ఇస్తుంది, పాత రోజుల్లో ఎనిమిదో వంతు ఉండేది, ఇప్పుడు కొన్నిచోట్ల నాలుగో వంతు దాకా. అంటే అలాంటి సరుకు ఉన్న మాట నిజమే. మీవాడి దగ్గర ఉందా అన్నదే నా అనుమానం. అక్కడ ఈ దస్తావేజులు కౌంటీ క్లర్కు ఆఫీసులో రికార్డవుతాయి, మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లాగే. ఆ నంబరు అడగండి. ఇంకోటి, షేల్ బావి, అంటే గట్టి రాతి పొరను పగలగొట్టి చమురు తీసే బావి, దాని దిగుబడి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోవడం మామూలు. మొదటి నెల చెక్కు చూపించి దాన్ని 12తో గుణించాడంటే అక్కడే లేచి వచ్చేయండి. పైగా విదేశీయుల రాయల్టీలో మామూలుగా 30 శాతం పన్ను అక్కడే కోస్తారు.

బరంపురం_బాబాయ్:
మాస్టారు చెప్పారు కదా, నేను షేర్ల సంగతి చెప్తా. ఒక చిన్న కంపెనీ, పేరెందుకులే, బావిలో గ్యాస్ తగిలిందన్న రోజే 40 వేలు పెట్టాను. రెండేళ్ల తర్వాత ఫలితాల కాగితంలో ఎక్కడో అడుగున ఒక్క లైను, ఆ బావి వదిలేశారట. తగలడం వేరు, తీయడం వేరు. అండమాన్ నమూనా కాకినాడ తెచ్చి చూస్తే 87 శాతం మీథేన్ (గ్యాస్‌లో మండే అసలు సరుకు) అన్నారు, బాగుంది, కానీ అది నాణ్యత, ఎంతుందో చెప్పదు కదా. 2005లో కేజీ బేసిన్‌లో గుజరాత్ ప్రభుత్వ కంపెనీకి 20 టీసీఎఫ్ (ట్రిలియన్ ఘనపుటడుగులు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు) గ్యాస్ దొరికిందని ఎంత హడావుడి చేశారు! తీయగలిగేది అందులో చిన్న ముక్కేనని తర్వాత తేలింది, 2017లో ఆ బ్లాకులో 80 శాతం ఓఎన్‌జీసీకి అమ్మేశారు.

జేకేపూర్_శ్రీను:
అంత దూరం ఎందుకు, మన నియమగిరి కొండ లేదా? అక్కడ బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వకం 2013లో 12 గ్రామసభలూ వద్దన్నాయి. కింద లాంజిగఢ్‌లో ఆ ఖనిజాన్ని శుద్ధి చేసే ఫ్యాక్టరీ ఉంది, పైన కొండలో బాక్సైట్ అలాగే ఉంది.

రాయగడ_కిరాణా:
మాస్టారూ, నంబరు అడిగాను. "ప్రాసెస్‌లో ఉంది బావా" అన్నాడు, శనివారం లోపు డబ్బు వేయమంటున్నాడు. గట్టిగా అడిగితే ఇంట్లో టెన్షన్.

గుణుపురం_మాస్టారు:
మీ ఆవిడ చేత అడిగించండి.