సంక్రాంతి సెలవుల్లో పిల్లలను మంచు మీద జారించాలంటే ఎక్కడికి తీసుకెళ్లాలి? (నల్లగొండ నుంచి)

నల్లగొండ నాన్న:
అందరికీ నమస్తే. బాబుకు 11 ఏళ్లు, పాపకు 7. మాతో పాటు అమ్మ కూడా వస్తుంది, ఆమెకు 64, షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటుంది. సంక్రాంతి సెలవుల్లో స్లెడ్జ్ (మంచు మీద జారే చెక్కబండి) మీద, గాలి నింపిన ట్యూబ్ మీద పిల్లలు కడుపునిండా జారాలి, అంతే నాకు కావాల్సింది. గుళ్లు, షాపింగ్, ఫొటో పాయింట్లు ఏవీ లేకపోయినా ఫర్వాలేదు. పోయిన ఏడాది ఒక ట్రావెల్ ఏజెంట్ "మంచు గ్యారంటీ సార్" అంటే నమ్మి సిమ్లా దగ్గరి కుఫ్రీ వెళ్లాం. అక్కడ బురద, గుర్రాల పేడ, చెట్ల నీడలో నల్లబడిపోయిన నాలుగు మంచు గడ్డలు. పాప దాన్ని చెప్పుతో తన్ని చూసి "ఇదేనా నాన్నా?" అంది, నాకు మాట రాలేదు. మా చిన్నప్పుడు ఊళ్లో ఎండిన తాటికమ్మ మీద ఒకణ్ని కూర్చోబెట్టి, మట్ట పట్టుకుని బజారంతా లాగేవాళ్లం, గుట్ట మీద జారుడుబండ ఉండేది, ప్యాంట్లు చిరిగేదాకా జారేవాళ్లం. మా పిల్లలకు అది లేదు, కనీసం ఇదైనా చూపించాలని ఉంది. మనాలీ మంచిదా, గుల్మార్గ్ మంచిదా? 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో జరిగిన ఉగ్రదాడి తర్వాత అమ్మ కాశ్మీర్ పేరెత్తితేనే భయపడుతోంది. వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.

మిర్యాలగూడ అక్క:
తమ్ముడూ, మేం రెండుసార్లు మనాలీ వెళ్లాం, ఒకసారి జనవరి మొదట్లో, ఒకసారి ఫిబ్రవరిలో. కుఫ్రీ సుమారు 2,700 మీటర్ల ఎత్తులో ఉంది, మంచు పడ్డ రెండు మూడు రోజులు బాగుంటుంది, ఎండ తగిలిందా కరిగిపోతుంది. సోలంగ్ లోయ ఎత్తు దానికంటే తక్కువే, 2,500 చిల్లర. కానీ చుట్టూ పెద్ద కొండలున్నాయి, వాలు పెద్దది, చివర చదునుగా పొలంలా ఉంటుంది. పిల్లలకు కావాల్సింది ఆ చదునే, ఎందుకంటే ట్యూబ్‌కు బ్రేకు ఉండదు, దానంతటది ఆగాలి. మనాలీ నుంచి 13 కిలోమీటర్లే.

సోలంగ్‌లో మంచు లేకపోతే కొండ కిందుగా వేసిన అటల్ టన్నెల్ దాటి సిస్సు అనే ఊరికి వెళ్లండి. టన్నెల్ 9.02 కిలోమీటర్లు, 2020 అక్టోబరులో తెరిచారు. అవతల 3,100 మీటర్ల దాకా ఎత్తు ఉంటుంది కాబట్టి ఇవతల మట్టి కనిపిస్తున్నా అటువైపు తెల్లగా ఉండే రోజులు చాలా. మేం జనవరిలో వెళ్లినప్పుడు అదే జరిగింది, సోలంగ్‌లో గడ్డి, టన్నెల్ బయటికి రాగానే మొత్తం తెలుపు, బండిలో అందరం ఒక్కసారి అరిచాం. అయితే సిస్సులో జనవరి 20 దాటాక స్థానికులు తమ పండుగల కోసం పర్యాటకులను రానివ్వని సంవత్సరాలున్నాయి, మీరు సంక్రాంతికే వెళ్తున్నారు కాబట్టి ఇబ్బంది రాకపోవచ్చు, అయినా హోటల్‌వాళ్లను అడగండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. బాగా మంచు పడుతున్న రోజు టన్నెల్ వైపు పోవద్దు. 2024 డిసెంబరులో సోలంగ్‌కూ టన్నెల్‌కూ మధ్య వెయ్యి వరకు బండ్లు ఇరుక్కుపోయాయి, జనాన్ని పోలీసులు తీసుకొచ్చారు. మంచు ఆగిన మర్నాడు పొద్దున్నే రోడ్డు తీశారో లేదో కనుక్కుని బయల్దేరితే చాలు.

గమ్‌బూట్లు, కోట్లు సోలంగ్ దారిలో షాపుల్లో అద్దెకిస్తారు. పిల్లల సైజు అక్కడే తొడిగించి నడిపించి చూడండి, మా పాపకు వదులు బూటులో మంచు పోయి గంటసేపు ఏడ్చింది.

మాజీ జవాన్, దేవరకొండ:
అన్నా, నేను ఆర్మీలో ఉన్నప్పుడు గుల్మార్గ్ ఉన్న బారాముల్లా జిల్లా వైపు రెండు చలికాలాలు గడిపాను. జారడానికైతే నా ఓటు గుల్మార్గ్‌కే. 2,650 మీటర్లు, మధ్యలో పెద్ద గిన్నెలాంటి మైదానం, అంచుల్లో మెత్తటి వాలు. అక్కడి స్లెడ్జ్ చెక్కబండి, కింద రెండు చెక్క పట్టీలుంటాయి. స్లెడ్జ్‌వాలా తాడు పట్టుకుని పైకి లాక్కెళ్తాడు, దిగేటప్పుడు ముందు తను కూర్చుని కాళ్లతో ఆపుతాడు. అంటే మీ తాటికమ్మ ఆటే, లాగే మనిషి ఉన్నాడు. ఎక్కే ముందే ఎన్ని రౌండ్లు, ఎంత డబ్బు అని నోటితో తేల్చుకోండి, వాళ్లదీ చలికాలంలో దొరికే కష్టార్జితమే కాబట్టి మరీ పీడించకండి.

కానీ నిజం కూడా చెప్పాలి. డిసెంబరు 21 నుంచి జనవరి నెలాఖరు దాకా సుమారు 40 రోజులను అక్కడ చిల్లై కలాన్ అంటారు, గట్టి చలి అప్పుడే. ఆ రోజుల్లో కూడా మంచు ఖాయం కాదు. 2024 జనవరిలో గుల్మార్గ్ సంక్రాంతి దాటినా ఎండు గడ్డితో ఉంది, నెలాఖరుకు గానీ పడలేదు. పడమటి నుంచి వచ్చే వాయుగుండాల్లాంటి వాతావరణ వ్యవస్థలు, వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు, అవి వస్తేనే మంచు. మన దగ్గర రుతుపవనాలకు ఎదురుచూసినట్టే అక్కడివాళ్లు వాటికి ఎదురుచూస్తారు. కాబట్టి ఎవరు గ్యారంటీ అన్నా నమ్మకండి. హోటల్‌కు ఫోన్ చేసి ఈరోజు పొద్దున తీసిన వీడియో పంపమనండి, పంపనివాడి దగ్గర బుక్ చేయొద్దు.

గుల్మార్గ్‌లో గొండోలా (రోప్‌వే) పై స్టేషన్ ఉన్న అఫర్వత్ కొండ వైపు పిల్లలతో వెళ్లి, జారడానికి గుర్తు పెట్టిన హద్దు దాటి జారాలని చూడకండి. అక్కడ మంచు చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అమ్మగారి భయం నేను తీసిపారేయను. పెద్దావిడ మనసు కుదుటపడకపోతే మనాలీయే పట్టుకోండి, ట్రిప్పంతా ఆమె టెన్షన్‌తో ఉంటే మీకూ సుఖం ఉండదు.

పాలమూరు నర్స్:
అమ్మగారి గురించి రాస్తున్నా. 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి. మనాలీ 2,050 మీటర్లు, కాబట్టి చేరిన రోజూ మర్నాడూ అక్కడే ఉండి ఆ తర్వాత పైకి వెళ్లండి. బయల్దేరే ముందు ఆమెను చూసే డాక్టర్‌కు ఎత్తు సంగతి చెప్పండి. ఇన్సులిన్ గడ్డ కడితే పనికిరాదు, బ్యాగులో పెట్టకుండా స్వెటర్ లోపలి జేబులో పెట్టుకోమనండి. షుగర్ చూసే మిషన్ కూడా బాగా చలిలో తప్పు చూపిస్తుంది, గదిలోనే చూడండి. కాళ్లకు స్పర్శ తక్కువైతే బూటు లోపల పుండు పడినా తెలియదు, రాత్రి పాదాలు మీరే చూడండి.

పిల్లలకు ఇంట్లో ఉన్న సైకిల్ హెల్మెట్లు తీసుకెళ్లండి, అక్కడ అందరూ ఇస్తారనుకోవద్దు. కాళ్లు ముందుకు పెట్టి కూర్చోవాలి, బోర్లా పడుకుని తల ముందుకు పెట్టి జారనివ్వకండి. ట్యూబ్ వేగంగా పోతున్నప్పుడు కాలు కింద పెట్టి ఆపబోతే ఎముక విరుగుతుంది. రెండు ట్యూబులు కట్టి వదలడం, ఒకరు లేవకముందే ఇంకొకరు దిగడం, ఈ రెండింటి దగ్గరే దెబ్బలు. పైకి ఎక్కేటప్పుడు జారే దారిలో కాకుండా పక్కనుంచి నడవండి. పొద్దున్నే మంచు పైన గాజులా గట్టిపడి ట్యూబ్ బాణంలా పోతుంది, ఏడేళ్ల పాపకు పదకొండు తర్వాత కాస్త మెత్తబడ్డాక మొదలుపెట్టండి. కాటన్ ప్యాంటు తడిస్తే ఆరదు, లోపల ఉన్నిది వేయండి. నల్ల కళ్లద్దాలు అందరికీ, మంచు మీద ఎండ కళ్లను కాలుస్తుంది.

నల్లగొండ నాన్న:
అందరికీ పేరుపేరునా థాంక్స్. ఇంట్లో కూర్చోబెట్టి అన్నీ చదివి వినిపించాను. అమ్మ మనాలీ అంటే సరే అంది. శంషాబాద్ నుంచి చండీగఢ్ విమానం, అక్కడి నుంచి కారు, మొదటి రెండు రాత్రులు మనాలీలోనే. సోలంగా, సిస్సునా అన్నది ఆ పొద్దున వీడియో చూసి తేలుస్తాం. బాబు హెల్మెట్ దొరికింది, పాపది కొనాలి. అక్కా, ఆ బూట్ల షాపు సోలంగ్‌కు ఎంత ముందు వస్తుంది?

మిర్యాలగూడ అక్క:
మనాలీ దాటగానే రోడ్డు పక్కన వరసగా ఉంటాయి తమ్ముడూ, నంబర్లు రాసి ఉంటాయి. డ్రైవర్ తనకు తెలిసిన షాపు దగ్గరే ఆపుతాడు. అక్కడ సైజు లేకపోతే మొహమాటపడకుండా ఇంకో షాపుకు పోనివ్వమనండి. రెండు జతల సాక్సులు తొడిగాకే సైజు చూడండి.