ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రంలో రెండు ఎస్టర్లకూ ఒకే చీలిక (పీకులు విడిపోయే తీరు) వస్తే ఏది అని తేల్చడం ఎలా?

ప్రశ్న:
సి4హెచ్8ఓ2 ఫార్ములా గల ఎస్టర్‌ను ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌తో (అణువులోని హైడ్రోజన్లను పీకులుగా చూపే పద్ధతి) గుర్తించవలసి ఉంది. డ్యుటీరేటెడ్ క్లోరోఫాంలో (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న ద్రావణి) తీసిన స్పెక్ట్రంలో 1.26 పీపీఎం వద్ద ట్రిప్లెట్ (మూడుగా చీలిన పీక్), 2.04 వద్ద సింగ్లెట్ (చీలని పీక్), 4.12 వద్ద క్వార్టెట్ (నాలుగుగా చీలిన పీక్) కనిపిస్తున్నాయి. ఇంటిగ్రేషన్ (పీక్ వైశాల్యాన్ని బట్టి వచ్చే ప్రోటాన్ల నిష్పత్తి) వరుసగా 3, 3, 2. ఒక ఇథైల్ (సీహెచ్3-సీహెచ్2), విడిగా ఒక మిథైల్ (సీహెచ్3) ఉన్నాయన్నంత వరకు అర్థమైంది. అయితే ఇథైల్ అసిటేట్‌కూ మిథైల్ ప్రొపనోయేట్‌కూ ఇదే చీలిక, ఇదే నిష్పత్తి రావాలి కదా? పైగా 7.26, 1.56 వద్ద ఉన్న చిన్న పీకులు దేనివో తెలియడం లేదు.

జవాబు 1:
పక్క కార్బన్ మీద ఎన్ని ప్రోటాన్లు ఉన్నాయో చీలిక చెబుతుంది గాని, ఆ సీహెచ్2 ఆక్సిజన్‌ను పట్టుకొని ఉందా, కార్బొనిల్‌ను (సీ=ఓ) పట్టుకొని ఉందా అన్నది చెప్పదు. అది చెప్పేది కెమికల్ షిఫ్ట్, అంటే పీపీఎం స్కేలుపై పీక్ ఉన్న స్థానం. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడం వల్ల దానికి ఆనుకొని ఉన్న ప్రోటాన్లకు కవచం తగ్గి, వాటి పీక్ ఎడమవైపుకు జరుగుతుంది. మీ క్వార్టెట్ 4.12 వద్ద ఉంది కాబట్టి ఆక్సిజన్ పక్కన ఉన్నది సీహెచ్2, 2.04 వద్ద ఉన్న మిథైల్ కార్బొనిల్ పక్కది. మిథైల్ ప్రొపనోయేట్ అయితే సింగ్లెట్ 3.7 దగ్గరికి, క్వార్టెట్ 2.3 దగ్గరికి మారిపోయేవి. మీది ఇథైల్ అసిటేట్. చీలిక చూడగానే నిర్మాణం గీసేయడం చాలామందికి అలవాటు. ముందు చూడవలసినది పీక్ స్థానమేనని నా అభిప్రాయం.

జవాబు 2:
7.26 డ్యుటీరియం చేరకుండా మిగిలిపోయిన క్లోరోఫాంది, 1.56 అందులోని నీటిది. రెండింటినీ లెక్కలోకి తీసుకోకండి. ఒక హెచ్చరిక కూడా చేయాలి. పదార్థాన్ని శుద్ధి చేసే కాలమ్‌లో ద్రావణిగా ఇథైల్ అసిటేట్ వాడితే మీరు రాసిన ఈ మూడు పీకులే వేరే పదార్థాల స్పెక్ట్రంలోనూ తిష్ఠ వేస్తాయి. ఒకసారి 4.12 వద్ద క్వార్టెట్ చూసి నా ఆమ్లం ఇథైల్ ఎస్టర్‌గా మారిందని సంబరపడ్డాను. తీరా చూస్తే, నా అణువులోని ఒక ప్రోటాన్‌ను 1గా పెట్టినప్పుడు ఆ క్వార్టెట్ 2 కాక 0.4 మాత్రమే వచ్చింది. వాక్యూమ్‌లో మళ్లీ ఆరబెట్టాక మాయమైపోయింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. దీనిని కార్బన్ స్పెక్ట్రంతో కూడా నిర్ధారించవచ్చా?

జవాబు 1:
నిర్ధారించవచ్చు. ఆక్సిజన్ పక్కన సీహెచ్2 ఉంటే సుమారు 60 పీపీఎం వద్ద, మిథైల్ ఉంటే సుమారు 51 వద్ద పీక్ వస్తుంది. సందేహం మిగిలితే డెప్ట్-135 (సీహెచ్2, సీహెచ్3 కార్బన్లను వేరుగా చూపే స్పెక్ట్రం) తీయించండి. అందులో సీహెచ్3 పీకులు పైకి ఉంటే సీహెచ్2 పీక్ కిందికి తిరిగి ఉంటుంది.