వీటెక్ ఉంచుకుని, రోజూ తిరగడానికి ఇంకో చిన్న కారు కొనడం తెలివా, తిక్కా?

కృష్ణలంక కుర్రోడు
అందరికీ నమస్కారం. నా దగ్గర 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్ ఉంది. నాన్న కొన్న కారు, ఇప్పుడు నా పేరు మీదే ఉంది. 106 హార్స్‌పవర్, మాన్యువల్ గేరు, తిరిగింది లక్షా నలభై వేలు. మొన్నటి దాకా ఆఫీసు బెంజి సర్కిల్ దగ్గర కాబట్టి స్కూటర్ సరిపోయేది. వీటెక్ ఆదివారాలకి, పెళ్ళిళ్ళకి. ఇప్పుడు గుంటూరు లక్ష్మీపురం వేశారు. పోనూ రానూ 70 కిలోమీటర్లు, నెలకి 24 రోజులు. నెల్రోజులుగా వీటెక్‌లోనే వెళ్తున్నా. మైలేజీ 11 దాటడం లేదు.

సెకండ్ హ్యాండ్ ఆల్టో ఒకటి రెండున్నర లక్షలకి చూశాను. రోజూ దాన్ని తిప్పి, వీటెక్ ఉంచుకుందామని నా ఆలోచన. ఇంట్లో మాత్రం వీటెక్ అమ్మేసి ఆల్టో కొనమంటున్నారు. అమ్మకం మాట తప్ప ఏదైనా చెప్పండి.

లెక్కల మాస్టారు
జవాబు ముందే రాసుకుని ప్రశ్నాపత్రం ఇచ్చినట్టుంది బాబూ. అయినా లెక్క చేద్దాం. పెట్రోలు లీటరు 110 అనుకో. నెలకి 1680 కిలోమీటర్లు. వీటెక్‌కి 16,800. ఆల్టో 20 ఇస్తే 9,240. మిగిలేది 7,560. రెండున్నర లక్షలు వెనక్కి రావాలంటే 33 నెలలు. ఈలోగా దానికీ ఇన్సూరెన్సు, టైర్లు, బ్యాటరీ. మూడేళ్ళు గడిచాక నీకు మిగిలేది పొదుపు కాదు, ఇంకో పాత కారు. అమ్మి కొనుక్కుంటే మొదటి నెల నుంచే లాభం.

పటమట పాత ఇనుము
మాస్టారి లెక్కలో కారు తప్ప అన్నీ ఉన్నాయి. తమ్ముడూ, అమ్మకు. ఆల్టో కూడా కొనకు. వీటెక్‌నే రోజూ తిప్పు.

ఆ ఇంజిన్ సంగతి తెలియనివాళ్ళకి చెప్తున్నా. మామూలు వేగంలో చిన్న కామ్ లోబు, అంటే వాల్వుని నొక్కి తెరిచే బుడిపె, పని చేస్తుంది. ఆర్‌పీఎం పెరిగాక ఆయిల్ ప్రెషర్‌కి పిన్ను లాక్ అయ్యి పెద్ద లోబు అందుకుంటుంది, వాల్వులు ఇంకా ఎక్కువ తెరుచుకుంటాయి. ఆ శబ్దం మారే క్షణం కోసమే జనం ఆ కారుని ఇన్నేళ్ళు దాచుకున్నారు. 2003లో దాని స్థానంలో వచ్చిన సిటీలో 77 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టారు. అప్పుడు తెలిసింది అందరికీ పాతదాని విలువ.

ఇక నిలబెట్టిన కారు బాగుంటుందనుకోవడం పొరపాటు. బ్యాటరీ దిగిపోతుంది, డిస్కులు తుప్పు పడతాయి, సీళ్ళు ఎండిపోతాయి, టైర్లు ఒకవైపు బల్లపరుపవుతాయి. నాది అలాగే పోయింది. ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్తూ కవరేసి వెళ్ళాను. మూడేళ్ళకి వచ్చి చూస్తే ఎలుకలు వైరింగ్ మొత్తం కొరికేశాయి, ట్యాంకులో తుప్పు. ఒక షెడ్డువాడు చేస్తానని డబ్బు తీసుకుని ఏడాది తిప్పించుకున్నాడు. చివరికి కిలోల లెక్కన పోయింది.

లెక్కల మాస్టారు
ఆ పిన్ను లాక్ అయ్యేది పొద్దున్న తొమ్మిదింటికి వారధి మీదా, మంగళగిరి దగ్గరా? సెకండు గేరులో పాక్కుంటూ పోయే రోడ్డుకి 106 హార్స్‌పవర్ ఎందుకో చెప్పండి.

సీజన్ టిక్కెట్
నేను ఎనిమిదేళ్ళుగా రైల్లో వెళ్తున్నా. కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు, గుంటూరు. నెల సీజన్ టిక్కెట్టు మీ ఒక్కరోజు పెట్రోలు కన్నా తక్కువ. ఎవరూ ఈ మాట ఎత్తరేంటి?

కృష్ణలంక కుర్రోడు
అన్నా, పొద్దున రైలు సరే. రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఆఫీసులోంచి బయటపడతా. స్టేషన్‌కి షేర్ ఆటో, అక్కడ రైలు కోసం పడిగాపులు. పదకొండింటికి ఇల్లు చేరితే పిల్ల మొహం చూసేది ఎప్పుడు?

మంగళగిరి మిర్చి
బస్సెక్కు బ్రో. మా ఆవిడకైతే స్త్రీ శక్తిలో ఫ్రీ కూడా. నీకు కాదులే.

బ్రాడీపేట 4వ లైను
నేను మీకు ఎదురు. గుంటూరు నుంచి బెజవాడ రోజూ కార్లో వస్తా. కాజ టోలుకి ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ తీసుకోండి, 2025లో వచ్చినప్పుడు 3000.

పటమట పాత ఇనుము
అదీ మాట. పాస్ కడితే ఏడాదంతా టోలు బెంగ లేదు. ఈ ఖర్చు కూడా మాస్టారు లెక్కలో వేస్తారేమో చూద్దాం.

లెక్కల మాస్టారు
ఏడాదంతా కాదు. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. కాజ దాటిన ప్రతిసారీ ఒక ట్రిప్పు. పోను ఒకటి, రాను ఒకటి. నెలకి 48. నాలుగు నెలల చిల్లరకి పాస్ అయిపోతుంది. ఏడాదికి మూడు పాసులు, ఆ 3000 లెక్కనే 9,000.

పటమట పాత ఇనుము
పోనూ రానూ కలిపి ఒక ట్రిప్పండీ. 24 గంటల్లో తిరిగొస్తే రాయితీ ఉంటుంది, తెలియదా? 200 ట్రిప్పులంటే 200 రోజులు.

లెక్కల మాస్టారు
అది మామూలు టోలు కట్టేవాళ్ళకి ఇచ్చే రాయితీ. పాస్ వేరే పథకం. రెండూ కలిపి పచ్చడి చెయ్యకండి.

పటమట పాత ఇనుము
నేను 22 ఏళ్ళుగా ఆ రోడ్డు మీద తిరుగుతున్నా.

లెక్కల మాస్టారు
పాస్ వచ్చింది 2025 ఆగస్టు 15న. 22 ఏళ్ళ అనుభవం ఇందులో ఎక్కడ పనికొచ్చిందో?

ఆటోనగర్ రెండో రోడ్డు
టోలు గొడవ తర్వాత చూసుకోండి సార్లూ. కుర్రోడికి పనికొచ్చే మాట ఒకటి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2002లో ఆ బండి రబ్బరు గొట్టాలు, సీళ్ళు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. భయపడాల్సిన పని లేదు గానీ, పాత బండ్లకి 20, 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు పార్టులు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే చెప్పింది. నువ్వు నెలకి 1680 తిప్పితే ఏడాదిలోనే 20 వేలు. మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది, ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ.

నిలబెట్టినా తిప్పలే. ఇథనాల్ గాల్లో తడిని లాక్కుంటుంది. ట్యాంకు నిండా పోసి రెండు నెలలు వదిలెయ్యకు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చావో గుర్తుందా? తిరిగిన కిలోమీటర్లే కాదు, గడిచిన ఏళ్ళు కూడా చూడాలి దానికి. అది తెగితే ఇంజిన్ పని చాలా ఉంటుంది.

మంగళగిరి మిర్చి
ఎక్స్‌పీ 100 పెట్రోలు కొట్టించు. ఇథనాల్ ఉండదు.

ఆటోనగర్ రెండో రోడ్డు
లీటరు మామూలు పెట్రోలు కన్నా చాలా ఎక్కువ. రోజూ ఆరు లీటర్ల పైనే. నువ్వు కట్టు.

కృష్ణలంక కుర్రోడు
ఆటోనగర్ అన్నా, థాంక్స్. బెల్టు ఆరేళ్ళ కిందట మార్చాం. ఈ వారమే చూపిస్తా. అందుకే అంటున్నా, రోజూ తిప్పితే అరిగిపోతుంది, పక్కన పెడితే తుప్పు పడుతుంది. ఆల్టో ఉంటే వారానికి ఒకసారి వీటెక్‌ని ఇబ్రహీంపట్నం దాకా తిప్పుకొస్తా. ఇన్సూరెన్స్ కూడా పెద్ద భారం కాదు. బండి 1493 సీసీ. థర్డ్ పార్టీ ప్రీమియం 3,416, పైన జీఎస్టీ. 1500 దాటితే 7,897 అయ్యేది. 7 సీసీ దయ.

లెక్కల మాస్టారు
2027లో మళ్ళీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ వస్తుందిగా. 20 ఏళ్ళు దాటిన కార్లకి ఫీజు 10,000 చేశారు. అది కూడా దయేనా? సరే, అదీ పోనీ. నేను మొదటి నుంచి అడగాలనుకుంటున్న మాట ఒకటుంది. రెండు కార్లు ఎక్కడ పెడతావు?

కృష్ణలంక కుర్రోడు
ఐదేళ్ళకి 10,000 అంటే నెలకి 167. భరించగలను.

లెక్కల మాస్టారు
నా ప్రశ్న అది కాదు.

బ్రాడీపేట 4వ లైను
పాస్ విషయంలో మాస్టారిదే కరెక్ట్. నాది ఆగస్టు 15న తీసుకున్నది డిసెంబరు నడిమికి అయిపోయింది. మళ్ళీ తీసుకున్నా.

పటమట పాత ఇనుము
మీరు మధ్యలో ఎక్కడెక్కడ తిరిగారో ఎవరికి తెలుసు.

కృష్ణలంక కుర్రోడు
మాస్టారూ, మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటుకి ఒక పార్కింగ్. వీటెక్ లోపల ఉంటుంది. ఆల్టో చిన్నదే కదా, వీధిలో సర్దుకుంటుంది.

లెక్కల మాస్టారు
ఇప్పుడు తెలిసింది. ఎవరి గేటు ముందు సర్దుకుంటుంది?

నా సంగతి చెప్తా వినండి. మా వీధిలో ఒకాయన తనకిష్టమైన పాత కారుకి కవరు తొడిగి, మా గోడ వారగా పెట్టి బెంగళూరు వెళ్ళాడు. గాలి లేదు, తాళం లేదు, ఫోన్ ఎత్తడు. మొన్న మార్చిలో పరీక్ష డ్యూటీకి ఏడున్నరకి బయల్దేరాలి. ఆ కారుకీ చెత్త బండికీ మధ్య నా బండి ఇరుక్కుంది. ఆటో పట్టుకుని ఆలస్యంగా చేరాను. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో మొదటిసారి సంజాయిషీ రాసిచ్చాను. ఆయన మాత్రం ఆదివారం వచ్చి కవరు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. మీకు ఇష్టమైన కారు మీ ఇంట్లో ఉంటుంది. దాన్ని ఉంచుకోవడానికి కొన్న కారు మాత్రం మా నెత్తిన.

పటమట పాత ఇనుము
అంటే ఇన్ని లెక్కలూ మీ గోడ గొడవ గురించా? ముందే చెప్పొచ్చుగా!

లెక్కల మాస్టారు
మీరు మూడేళ్ళు కవరేసి పెట్టానన్నారే, ఎక్కడ పెట్టారు?

పటమట పాత ఇనుము
మా అపార్ట్‌మెంట్ కిందే. నా స్థలం.

లెక్కల మాస్టారు
మొత్తం మీ స్థలమేనా?

పటమట పాత ఇనుము
విజిటర్స్ పార్కింగ్. అప్పట్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పినవాళ్ళు నా మొహాన చెప్పలేదు. మా ఊళ్ళో అరుగు మీద ఎవరైనా కూర్చునేవాళ్ళు, ఇది ఎవరి అరుగు అని అడిగేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆరడుగుల రోడ్డు కోసం కూడా కొట్టుకుంటున్నారు. ప్రతి వస్తువుకీ రూపాయల్లో సమాధానం చెప్పమంటే ఇంట్లో ఒక్క పాత వస్తువు మిగలదు మాస్టారూ. హార్మోనియం అమ్మెయ్యండి, తాతగారి పడక్కుర్చీ అమ్మెయ్యండి.

లెక్కల మాస్టారు
పడక్కుర్చీ నా గేటుకి అడ్డం పెట్టరు కదా.

సింగ్‌నగర్ 2024
వీధిలో పెట్టే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. 2024 సెప్టెంబరు 1 పొద్దున బుడమేరు నీళ్ళు మా వీధిలో నడుము లోతు. నా కారు అద్దాల దాకా మునిగింది. థర్డ్ పార్టీ మాత్రమే ఉంది. ఒక్క రూపాయి రాలేదు.

కృష్ణలంక కుర్రోడు
చాలా బాధగా ఉందన్నా. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినా రిటైనింగ్ వాల్ వల్ల మా వైపు బతికిపోయింది. అయినా నువ్వు చెప్పింది నిజం, సెకండ్ హ్యాండ్‌దైనా ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే. ఆ లెక్క నేను వెయ్యలేదు.

మాస్టారూ, మీ మీద కోపం వచ్చింది. రాత్రి కిందికి దిగి మా సందు కొలిచాను. నేను ఆల్టో పెడదామనుకున్న చోటు ఇస్త్రీ బండి ఆయనది. పొద్దున పదింటి నుంచి అక్కడే ఉంటాడు. రాత్రి తొమ్మిదింటికి వచ్చి పొద్దున ఎనిమిదింటికి తీసేస్తా కాబట్టి ఆయనకి అడ్డం కాదని అనుకున్నా. సెలవు రోజు సంగతి అనుకోలేదు. ఇంట్లో మా ఆవిడ అన్నది కూడా ఇదే. నేను డబ్బు గురించి అంటోందనుకున్నా.

పటమట పాత ఇనుము
అయితే అమ్మేస్తావా?

కృష్ణలంక కుర్రోడు
లేదు. ఆల్టో ఆపేశా. రెండు నెలలు పొద్దున రైలు, రాత్రి బస్సు. శుక్రవారం మాత్రం వీటెక్. నెలకి నాలుగు రోజులే కాబట్టి పెట్రోలు 2,800. తర్వాత బదిలీ అడుగుతా. సీజన్ టిక్కెట్ అన్నా, పొద్దున ఏ రైలుకి వెళ్తావు? విజయవాడలో ఎక్కాలా, కృష్ణా కెనాల్ దగ్గర ఎక్కితే సీటు దొరుకుతుందా?

సీజన్ టిక్కెట్
కెనాల్ దగ్గర సీటు ఆశ పెట్టుకోకు. విజయవాడ రా, వెనక పెట్టెలో ఉంటాం. పేకాట లేదు, భయపడకు.

ఆటోనగర్ రెండో రోడ్డు
బెల్టు మాత్రం మర్చిపోకు.

లెక్కల మాస్టారు
మంచిది బాబూ. ఇస్త్రీ ఆయన్ని అడిగానని చెప్పు. పటమట వారూ, 200 ట్రిప్పుల సంగతి మీరు ఇంకా ఒప్పుకోలేదు.

పటమట పాత ఇనుము
రేపు కాజ వెళ్ళి కౌంటర్లో అడిగొస్తా.