పాత గోదాంను ఇల్లు చేస్తే గిలాబు (గోడ పూత) కొట్టేయాలా, ఉంచాలా?

ఓరుగల్లు వాసి: వరంగల్‌ల ఆజంజాహి మిల్లు (1934) కాలపు గోదాం. డంగుసున్నం గోడలు, ఇనుప ట్రస్సులు (కప్పును మోసే చట్రాలు), తర్వాత వేసిన సిమెంటు రేకులు. ఇండస్ట్రియల్ స్టైల్ కోసం లోపలి గిలాబంతా కొట్టేసి ఇటుక చూపిద్దాం, రేకులు అట్లనే ఉంచుదాం అని డిజైనర్ మాట. ఏమంటరు?

సున్నం పని: కొట్టొద్దన్నా. మిషన్ పెడితే గిలాబుతోపాటు ఇటుక పైపొర లేస్తది, లోపలిది మెత్తటిది. ఆ తర్వాత సందులు సిమెంటుతో నింపుతరు, అసలు నష్టం అక్కడ. సిమెంటులకెళ్లి తేమ పోదు, ఇటుకలకెళ్లే బయటికొస్తది. వస్తూ ఉప్పు తెస్తది, ఇటుక పొడై రాలుతది.

ఉక్కు దూలం: సిమెంటు సంగతి నిజమే. అంతమాత్రాన మొత్తం వద్దనడం ఒప్పుకోను. ముందు మూడడుగుల చదరం ఉలితో, చేత్తో తీసి చూడాలె. గోరుతో గీకితే ఇటుక రాలకపోతే ఒక గోడ చూపించొచ్చు. సందులు 20 మి.మీ. లోతు గీకి, తడిపి, ఒక పాలు సున్నం, మూడు పాళ్ల ఇసుకతో నింపి, వారం తడి గోనె కట్టాలె. మెరిసే వార్నిష్ వద్దు, తేమను లోపలే బంధిస్తది. నేల తేమ ఎక్కే కింది మూడడుగులు మాత్రం సున్నం గిలాబే ఉండాలె.

ఇంతకన్నా నాకు భయం రేకులతోటి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటది. కోసినా, రంధ్రం చేసినా దాని పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతయి, క్యాన్సర్ తెస్తయి. పని తెలిసినోళ్లతోనే, తడిపి, పగలకుండా దించి, మందపాటి పాలిథిన్‌ల చుట్టాలె. బదులుగా 50 మి.మీ. పఫ్ ప్యానెల్ (రెండు లోహపు రేకుల నడుమ నురుగు నింపింది) వేస్తే మే ఎండ కూడా ఆగుతది. పాత ట్రస్సుల మీద స్లాబు ఆలోచనే వద్దు: అయిదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోల పైమాటే.

సున్నం పని: ప్యానెల్‌కు ఒప్పుకుంటున్న. కానీ అది తేలిక, ఈదురుగాలి లేపుతది. ట్రస్సులను గోడకు పట్టే బోల్టులు తుప్పు పట్టినయో ముందు చూడాలె.

గోడ మాటకొస్తే, అందులో ఏం నిలువ చేసిన్రో అడిగిన్రా? ఎరువులైతే ఆ ఉప్పు ఇటుకల దిగి ఉంటది. వానకాలం గాలిలోని తేమ పీల్చి కరుగుతది, ఆరినప్పుడల్లా మళ్లీ గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తది. అసొంటి గోడకు మీ గోరు పరీక్ష ఎండకాలం చేస్తే బాగనే కనిపిస్తది, శ్రావణంల రాలుతది. ముందు పలచటి సున్నం గిలాబు వేసి, ఉప్పు దాంట్లకు లాగినంక కొట్టేసి, ఇంకోసారి వేయాలె.

ఉక్కు దూలం: ఎరువుల గోదామైతే మీ మాటే సరి, ఇటుక చూపించొద్దు. పత్తి, మిర్చి గోదామైతే నా మాట మార్చుకోను.